చేపల పెట్టెలో కరెంటు

“అది నా సేపల పెట్టే!”

ఇంట్లో కనబడని పెట్టెను వెతుక్కుంటూ వచ్చిన గంగాలమ్మ, పొగలు కక్కుతున్న థర్మాకోల్ పెట్టెను చూపిస్తూ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు గుమ్మంలోంచే అరిచింది. పెట్టెలోకి ద్రవ నైట్రోజన్ పోస్తున్న కూతురు అనూరాధ చెయ్యి ఆగిపోయింది.

“ఎవరమ్మా మీరు?” అన్నాడు ప్రాజెక్టుకు మార్కులు వేయడానికొచ్చిన ఎగ్జామినరు.

అనూరాధ తల దించుకుంది. తమది చేపలమ్ముకునే ఇల్లని ఆమె కాలేజీలో ఎవరికీ చెప్పలేదు.

ఆ దించిన తల చూశాక గంగాలమ్మ గొంతు తగ్గింది. “పొరపాటయిపోనాది బాబూ. నాది కాదు. ఇలాటిదే మాకోటుంది,” అంటూ వెనక్కి తిరిగింది.

“అమ్మా, ఆగు!” అనూరాధ తలెత్తింది. “సార్, మా అమ్మ. భీమిలిలో చేపలమ్ముతుంది. ఆ పెట్టె అమ్మదే, చెప్పకుండా తెచ్చేశాను. లోపలున్న ఈ సూపర్‌కండక్టర్ తీగ ఐసు కంటే ఎంతో ఎక్కువ చల్లబడితేనే దాంట్లో కరెంటు నష్టం లేకుండా పారుతుంది. వేడి లోపలికి చొరబడకుండా ఆపడానికి ఇంతకంటే మంచి పెట్టె నాకు దొరకలేదు.”

మిగతా నైట్రోజన్ కూడా పోసేసింది. ఆ తీగకు తగిలించిన, అప్పటిదాకా మిణుకుమిణుకుమంటున్న బల్బు ధగధగా వెలిగింది.

“భేష్!” అన్నాడు ఎగ్జామినరు.

గంగాలమ్మ కూతురి పక్కకొచ్చి పెట్టెలోకి తొంగి చూసింది. “ఆ సల్లటి నీల్లు మిగిల్తే కూసింత ఇంటికి అట్టుకురాయే. ఐసుతో పని తప్పుద్ది.”

ఎగ్జామినరు వింటున్నాడని తెలిసీ అనూరాధ గట్టిగా నవ్వింది.

“అట్టుకురాడానికి మల్లా నీ పెట్టే కావాలే, అమ్మా!”