రంగు కలవని మానిటర్లు

కొత్త మానిటర్ పాతదానికంటే జానెడు పొడుగుంది. రెండూ పక్కపక్కన పెడితే పొడుగాటి అన్నయ్య పక్కన పొట్టి తమ్ముడు నిలబడ్డట్టుంది. డిజైనర్ పాతదాని కింద రెండు ఖాళీ ఆల్బమ్ పెట్టెలు దూర్చి ఎత్తు సరిచేశాడు. ఎత్తు కుదిరింది గానీ రంగు కుదరలేదు. పాతదాంట్లో ఏ ఫోటో పెట్టినా పసుపుపచ్చగా, కొత్తదాంట్లో ఏది పెట్టినా నీలంగా కనిపిస్తోంది.

“ముందు ఒకే ఫోటో రెండిట్లోనూ పెట్టి రంగులు సరిచూసుకోరా. ఆ తర్వాతే పని మొదలెట్టు,” అన్నాడు స్టూడియో ఓనర్, కెమెరా సంచి భుజాన తగిలించుకుంటూ. “వాళ్ళు సాయంత్రం వస్తామన్నారు. మొదటి రెండు పేజీలైనా ప్రింటు తీసి చూపించాలి.”

“ఎవరి ఆల్బమ్ బాబాయ్?”

“తెలియనట్టు అడక్కు.”

తెలుసు. తెలుసు కాబట్టే పొద్దుట్నుంచీ ఆ ఫోటోల జోలికి పోలేదు. ఊళ్ళో ఇన్ని స్టూడియోలుండగా ఆ పెళ్ళి ఫోటోలు వచ్చి తన నెత్తినే పడాలా?

“నావల్ల కాదు. ఇంకెవరికైనా ఇవ్వు.”

“నీచేతే చేయించమని ఆవిడ మరీ మరీ చెప్పింది. పెళ్ళికి పిలిస్తే మొహం చాటేశావు. అప్పట్నుంచీ ఈ స్టూడియో వెనక గదిలోనే పడున్నావు. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎన్నాళ్ళురా ఈ ఏడుపు? ఆయన మంచివాడు. ఆవిడ సుఖపడుతోంది కదా అని సంతోషించరాదూ?”

“అంత మంచివాడైతే నువ్వే చేసుకోకపోయావా?”

ఓనర్ పకపకా నవ్వేసి వెళ్ళిపోయాడు. డిజైనర్‌కి నవ్వు రాలేదు.

ఫోటోలు తెరిచాడు. రిజిస్ట్రారు ఆఫీసు. బల్ల మీద పూలగుత్తి. తల వంచి సంతకం పెడుతున్న ఆమె. పక్కన ఆ బట్టతల, ఊరంతా తన పేర రాసిచ్చేసినట్టు ఒకటే ఇకిలింపు. డిజైనర్‌కి ఒళ్ళు మండిపోయింది.

వీడెవడు అసలు? మొన్న మొన్నటిదాకా సినిమాకి వెళ్తే ఇద్దరే. డాక్టరు దగ్గరికి ఇద్దరే. వానొస్తే ఒక్క గొడుగులో ఇద్దరే. తను ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి ఎదురుచూసేది. “నాకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు?” అనేది. అన్న నోటితోనే ఒకరోజు మెల్లిగా, కొంగు మెలిపెడుతూ, ఇంకొకరున్నారని చెప్పింది.

ఇద్దరూ కలిసున్న ఫోటోలు చూడబుద్ధి కాక, విడివిడిగా తీసినవి రెండు ఏరాడు. ఎడమ పేజీలో అతను, కుడి పేజీలో ఆమె. ఎడమ పేజీ పాత మానిటర్ మీద, కుడి పేజీ కొత్తదాని మీద పడ్డాయి.

పాత మానిటర్‌లో పెళ్ళికొడుకు కామెర్ల రోగిలా ఉన్నాడు. డిజైనర్ ప్రాణం లేచొచ్చింది. రంగులు సరిచూడటమా? ఎవడిక్కావాలి! ఉండనీ, అలాగే ఉండనీ. వాడి పేజీ మీద వేలు కూడా పెట్టలేదు.

కొత్తదాంట్లో ఆమె మాత్రం చలికి కొంకర్లు పోయినట్టు నీలంగా ఉంది. చూడగానే మనసు చివుక్కుమంది. ఎంత కోపమున్నా ఆ మొహాన్ని అలా వదిలెయ్యలేకపోయాడు. బుగ్గలకి కాస్త పసుపు ఛాయ కలిపాడు. చాల్లేదు. ఇంకాస్త కలిపాడు. కళ్ళ కింద గీతల్ని మాత్రం చెరపలేదు. అవి లేకపోతే ఆమె ఆమెలా ఉండదు.

తెర మీద పెళ్ళికూతురు కళకళలాడింది. ప్రింటు కొట్టి, కాగితం వంక చూడకుండానే కవర్లో పెట్టి, కసి తీరినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

సాయంత్రం ఓనర్ వెనకే వాళ్ళిద్దరూ వచ్చారు. డిజైనర్ రెండు మానిటర్ల వెనక తల దాచుకున్నాడు. ఓనర్ కవరు విప్పి రెండు పేజీలూ బల్ల మీద పరిచాడు.

పెళ్ళికొడుకు బల్ల మీదికి వంగి చూశాడు.

“అబ్బ!” అన్నాడు పెళ్ళికొడుకు. “నా మొహం ఇంత బాగుంటుందని నాకే తెలీదు బాబూ!”

డిజైనర్ గతుక్కుమని తల ఎత్తాడు. కాగితం మీద పెళ్ళికొడుకు దొరబాబులా మెరిసిపోతున్నాడు. పక్కన పెళ్ళికూతురికి పచ్చకామెర్లు.

“ఒరేయ్, రంగులు సరిచూశావా?” ఓనర్ పళ్ళు నూరాడు.

పెళ్ళికొడుకు ఆ ఫోటో వంక ఒకసారీ, ఆమె వంక ఒకసారీ చూసి, కంగారుగా ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. “నీకు ఆ రోజు ఒంట్లో బాగాలేదా? నాకు చెప్పలేదేం?”

ఆ చెయ్యి చూసి డిజైనర్‌కి కళ్ళలో నిప్పులు పడ్డాయి. ఆ నుదుటి మీద జ్వరం చూసే హక్కు ఇన్నాళ్ళూ తనొక్కడిదే.

“అబ్బాయిని ఏమీ అనకండి. మెషీనే ఏదో చేసుంటుంది,” అని పైగా వెనకేసుకొచ్చాడు ఆ పెద్దమనిషి. తిట్టినా బాగుండేది.

ఆమె మాత్రం పచ్చటి మొహాన్నీ, మెరిసే మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఎవరి పేజీ మీద ఎంత కష్టపడ్డాడో, ఎవరి పేజీ ముట్టుకోలేదో ఆమెకి అర్థమైపోయింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి డిజైనర్ పక్కన నిలబడింది. అతను తల తిప్పుకున్నాడు. ఆమె చెంగుతో కళ్ళొత్తుకుని, నవ్వుతూ అతని చెవి పట్టుకుంది.

“రంగుల సంగతి రేపు చూద్దువుగానీ, పెళ్ళికెలాగూ రాలేదు, ఇవాళైనా ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తినరా,” అంది పెళ్ళికూతురు.