శనివారం బేరం

జయంతి కోడిపిల్లను బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టింది.

"బండే మార్చేకి పోతాంటే ఇదెందుకుమే ఇప్పుడు?" అన్నాడు వీరేష్.

"మారేదాంకా మన బండే కదా. ఉండనీలే."

వీరేష్ బుట్టను బండిలో పెట్టాడు. నిన్న రెండు బాడుగలు తిరిగొచ్చాడు. కళ్ళు ఇంకా మండుతున్నాయి.

ప్రశాంతి గడపలో నిలబడి అరిచింది. "నాయనా, కొత్త కారులోనన్నా నన్ను ఎక్కిచ్చుకుంటావా?"

"ఎక్కిచ్చుకుంటాలే బంగారూ. ముందు సీట్లోనే."

ఐదేళ్ళ పిల్ల. నాయన బండి ఇంతవరకు ఒక్కసారి కూడా ఎక్కలేదు. వీరేష్‌కు ఈ మార్పిడి మీద అంత పట్టుదల అందుకే. పిల్లను పక్కింటి మారెమ్మకు అప్పగించి ఇద్దరూ అనంతపురం బయల్దేరారు.

పెద్దాసుపత్రి నుంచి మనుషుల్ని వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు చేర్చడం వీరేష్ పని. మడకశిర, బెళుగుప్ప, కుందుర్పి, ఎక్కడికైనా సరే. తారు రోడ్డు అయిపోయినా ఆ పాత బొలేరో ఆగదు. శనక్కాయ చేల గట్ల మీదుగా, ఎండిపోయిన వంకల్లో దిగి ఎక్కి, ఇంటి వాకిలి దాకా పోతుంది. ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా దారిలో నిలబడిపోలేదు. వచ్చేవాళ్ళు మంచిరోజు చూసుకోరు. పెద్దగా బేరమాడరు. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ బండి వల్లే.

కానీ వీరేష్ అలసిపోయాడు. జయంతి కూడా అలసిపోయింది. ఆయన ఎప్పుడు తిరిగొచ్చినా ముందు వాకిట్లోనే స్నానం. నీళ్ళ ట్యాంకరేమో నాలుగు రోజులకొకసారి వస్తుంది. పిల్లకు స్నానం మానిపించి, ఆ బిందె ఆయన నెత్తిన పోసిన రోజులు ఎన్నో.

ఓబిలేష్ పాత కార్ల షాపు బెంగుళూరు రోడ్డులో ఉంది. నల్ల కారు ఎండలో తళతళలాడుతోంది.

"చూడక్కా," అన్నాడు ఓబిలేష్. "బెంగుళూరులో ఒక డాక్టరు వాడిన బండి. తోలు సీట్లు. పైకప్పు తెరుచుకుంటాది. పెళ్ళికొడుకును దీంట్లో కూర్చోబెడితే ఊరంతా నోరు తెరుచుకొని చూస్తాది. సీజనులో అన్నకు తిండి తినేకి కూడా తీరిక ఉండదు."

"శనివారం పూట ఇనుము ఇంటికి తెస్తారా ఎవరన్నా?" అంది జయంతి.

"ఇనుమా? ఇది సగం కంప్యూటరక్కా!"

ఓబిలేష్ బొలేరో చుట్టూ తిరిగాడు. ఇంజను మోత విన్నాడు. వెనక తలుపు తెరిచాడు. సీట్లు లేవు. కింద మందపాటి రెగ్జిను పరిచి ఉంది. ఊదుబత్తి వాసన గుప్పుమంది.

"ఏమప్పా, గుడిలోకొచ్చినట్టుండాది! సీట్లు యాడబోయినాయి?"

"పీకేసినాంలే. పడుకొనే వాళ్ళకు అడ్డం," అన్నాడు వీరేష్.

"ఇంజను మాత్రం గుండ్రాయన్నా." ఓబిలేష్ కన్ను బుట్ట మీద పడింది. "కోడిపిల్ల నాకేనా అక్కా? కూరకు చాలదు కదా!"

"నీకు కాదులే నాయనా."

జయంతి నల్ల కారు వెనక సీటును జానలతో కొలిచింది. రెండుసార్లు కొలిచింది.

"కాళ్ళు చాపుకొని పడుకునేకి చాలదు."

"పెళ్ళికొడుకు యాడన్నా పడుకుంటాడా అక్కా, పెళ్ళికి ముందే!"

వీరేష్ పకపకా నవ్వాడు. జయంతి తలెత్తి మొగుడి ముఖం చూసింది. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. భాద్రపదంలో ఉండవు. కారు చెడిపోతే బెంగుళూరు మోసుకుపోవాలి. దారంతా ఇవన్నీ చెప్పాలనే అనుకుంది. ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"సరేలే. పెట్టు సంతకం," అంది.

వీరేష్ పెన్ను తీసుకున్నాడు. అప్పుడే జయంతి దగ్గరున్న అతని ఫోను మోగింది.

"మోగనీన్నా. ముందు ఈ పని కానీ," అన్నాడు ఓబిలేష్.

జయంతికి మోగే ఫోనును వదిలేయడం చేతకాలేదు. ఎత్తింది. ఎవరో ఆడమనిషి. గొంతు పూర్తిగా పోయి ఉంది.

"అమ్మా, నేను రామాంజినమ్మను. ఆసుపత్రి కాడ ఉండా. మా అన్న గంగాధరప్పను ఇంటికి తీసకపోవల్ల. కుందుర్పి పక్కన మా ఊరు. ఒకాయన్ని అడిగితే తారు రోడ్డు దాంకానే వస్తానంటాడు. ఆడినుంచి రెండు మైళ్ళు. నేనొక్కదాన్ని ఎట్లా మోసుకపోయేదమ్మా?"

జయంతి ఫోను తీసి వీరేష్ చెవి దగ్గర పెట్టింది. అతను చివరిదాకా విన్నాడు. తర్వాత నల్ల కారు వైపు చూశాడు.

"ఓబిలేషూ, ఇది కుందుర్పి రాళ్ళలో పోతాదా?"

"ఆ రాళ్ళలోనా? అడుగు తగిలి పగులుతాదన్నా. పెళ్ళికొడుకులు అట్లాటి చోటికి యాడొస్తారు?"

వీరేష్ పెన్ను మూత పెట్టి కాగితాల మీద ఉంచాడు.

"పాపకు నువ్వే చెప్పు," అన్నాడు జయంతితో.

"చెప్తాలే. నాకేం కొత్తా?"

ఇద్దరూ బొలేరో ఎక్కారు. జయంతి బుట్టను ఒళ్ళో పెట్టుకుంది.

ఆసుపత్రి వెనక గేటు దగ్గర రామాంజినమ్మ గుడ్డసంచీ పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. బండిని చూడగానే రెండు చేతులూ జోడించింది. వీరేష్ లోపలికి పోయి, ఇద్దరు మనుషుల సాయంతో గంగాధరప్పను మోసుకొచ్చి, రెగ్జిను మీద కాళ్ళు చాపి పడుకోబెట్టాడు. జయంతి ఊదుబత్తి వెలిగించింది.

తర్వాత ఆమె బుట్ట గుడ్డ విప్పి కోడిపిల్లను అందిస్తే, శనివారం పోయినవాళ్ళు ఒంటరిగా పోకూడదని, వీరేష్ దాన్ని తల నుంచి పాదాల దాకా తెల్లగుడ్డ చుట్టిన గంగాధరప్ప పక్కన కట్టాడు.