నాలుగో తరగతి మట్టి

సంచి మూతి విప్పకముందే సుందర్‌రాజ్ గారు ముక్కు చిట్లించారు.

"బంకమట్టి. వాసనే చెబుతోంది," అన్నారు.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మేడ మీద, చర్చి సంఘం వాళ్ళ సమాధుల తోట కమిటీ గది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన అక్కడ కూర్చుంటారు. నాంపల్లిలో మట్టి పరీక్షల ఆఫీసులో చేసి రిటైరయ్యారు. అక్కడ రైతుల మీద చూపించిన విద్యంతా ఇప్పుడు చనిపోయినవాళ్ళ మీద చూపిస్తున్నారు. తోటంతా తిరిగి, నేలను నాలుగు తరగతులుగా విడగొట్టి, రంగుల పటం గీసి గోడకు తగిలించారు. పటంలో ఒక్క మనిషి పేరు లేదు.

సంఘం పెద్దది, తోట చిన్నది. అందుకని పద్నాలుగేళ్ళు నిండిన సమాధిని తెరిచి, అదే ఇంటి మనిషిని అందులోనే పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. సమాధి ఎవరి పేరున ఉందో వాళ్ళే వచ్చి అడగాలి. అడిగితే సరిపోదు. ఆ పక్కనే నడుము లోతున మట్టి తీయించి తేవాలి. దాన్ని సుందర్‌రాజ్ గారు పాస్ చేయాలి.

మాబెల్ తెచ్చిన మట్టి ఆమె పేరున ఉన్న, భర్త రాబర్ట్ సమాధి దగ్గరిది. గుంతలు తవ్వే మొగులయ్య తీసిచ్చాడు. ఆ ఏడు, తొంభై ఏడులో, వానలు ముందే పట్టుకున్నాయి; సంచిలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మాబెల్ రిటైరైన టీచరు. మెట్లెక్కిన ఆయాసం తీరక గోడ పట్టుకుని నిలబడింది.

"డాక్టర్లు చేతులెత్తేసిన్రు సార్. ఇగ ఎక్కువ దినాలు లేవంటున్రు. రాబర్ట్ దగ్గరనే పెట్టాలె. గదొక్కటే ఆఖరి కోరిక. జర చూడుండ్రి."

ఆయన మట్టిని చూశారు. భర్త పోయిన ప్రతి ఆడదీ ఇదే పాట పాడుతుందనుకున్నారు. బతికినన్నాళ్ళూ ఒక గదిలో పడదు, చచ్చాక ఒకే గుంత కావాలి.

గుప్పెడు తీసుకుని, గ్లాసులో నీళ్ళు నాలుగు చుక్కలు చిలకరించి, అరచేతుల మధ్య తాడులా పేనారు. తాడును గుండ్రంగా వంచారు. ఎక్కడా బీట పడలేదు.

"చూశారా సిస్టర్, చేతిగాజులా వంగింది. మంచి మట్టయితే ఈపాటికి తునకలయ్యేది."

తర్వాత ముద్దను చీల్చి లోపలి రంగు చూపించారు. బూడిదరంగు, మధ్యమధ్య తుప్పు మరకలు. చిన్నపిల్లకు చెప్పినట్టు పాఠం మొదలుపెట్టారు. మొదటి తరగతి ఎర్ర మొరం, పోసిన నీళ్ళు పోసినట్టే దిగిపోతాయి. రెండోది ఇసుక కలిసింది. మూడోది నల్లరేగడి, దాన్నీ ఎలాగో సహించవచ్చు. నాలుగోది ఇది. నీళ్ళు కిందికి దిగవు, గాలి లోపలికి పోదు. గాలి తగలక బూడిదరంగుకు తిరుగుతుంది. ఏ గడ్డి వేరు వెంటో కాస్త గాలి దూరితే అక్కడ మాత్రం తుప్పు.

"ఎండాకాలం చెయ్యి పట్టేంత పగుళ్ళిస్తది సార్," అంది మాబెల్. "గిప్పుడైతే పూలు పెడితే నీళ్ళ మీద తేల్తున్నయి."

ఆయనకు నవ్వొచ్చింది. పని కావాలని వచ్చి, పని చెడే మాటలు తనే అందిస్తోంది. ఈవిడ దగ్గర చదువుకున్న పిల్లలు ఏమయ్యారో దేవుడికే తెలియాలి.

తెరిస్తే ఏమవుతుందని ఆమె అడిగింది.

"మొరంలో పద్నాలుగేళ్ళకు ఏమీ మిగలదు. ఇందులో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. మీ ఆయన సూటు గుండీలతో సహా. ఇంకో పెట్టెకు చోటెక్కడిది?"

మాబెల్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పాస్టర్ గారితో చెప్పిస్తేనో అంది. పాస్టర్‌కు వాక్యం తెలుసు గానీ మట్టి తెలియదన్నారాయన. బిషప్ గారే చెబితేనో అంది. బిషప్ చెప్పినంత మాత్రాన నీళ్ళు దిగుతాయా అన్నారు. పక్కన కాలువ తవ్విస్తేనో అంది. కాలువ తవ్వితే పక్కవాళ్ళ సమాధులు కూలతాయి, అప్పుడు వాళ్ళ ఏడుపు కూడా తనే వినాలన్నారు.

"మరి రేపు మావాళ్ళెవరన్న వచ్చి మళ్ళ అడిగితే?"

"ఎవరడిగినా ఇదే మాట. ఆ సమాధి ఇక తెరవం. అందులో మీ ఆయనొక్కరే."

"ఒక్కడేనా?"

"ఒక్కరే. మీకు కావాలంటే మొరంలో వేరే చోటు ఇప్పిస్తాను. ఫస్టు క్లాసు."

ఆమె వందనాలు చెప్పి, మట్టి సంచి అక్కడే వదిలేసి మెట్లు దిగింది. సుందర్‌రాజ్ గారు చేతులు కడుక్కున్నారు. ఇలాంటి కన్నీళ్ళకు కరిగిపోతే కమిటీలు నడుస్తాయా?

కింద పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలవాళ్ళు వానకు పట్టాలు కప్పుతున్నారు. మాబెల్ ఆటోను పిలవలేదు. తడుస్తూ నాంపల్లి దాకా నడిచి, స్టేషన్ దాటి, దవాఖానలో ఆడవాళ్ళ వార్డుకు చేరింది.

చివరి మంచం మీద, ఆ కబురు కోసమే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్న రాబర్ట్ మొదటి భార్య జెర్లిన్ చెవి దగ్గరకు వంగి, పెదవి మీదికి వస్తున్న నవ్వును ఆపుకుంటూ, "నిన్ను గాడ పెట్టనియ్యరంట అక్కా," అంది మాబెల్.