ఇద్దరి తిండి

కేకు ముక్క నోటి దాకా వెళ్లకముందే ఎవరో చేయి పట్టుకున్నారు.

"పొద్దుట్నుంచి ఎన్నో ముక్క?"

కోడలు ఉలిక్కిపడింది. ఆసుపత్రి బెంచీ మీద పక్కనే ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. పొడుగ్గా, బక్కగా ఉంది. ఎడమ కనుబొమ్మ మీద పాత మచ్చ.

"రెండోదండీ. మా ఆయన కొనిచ్చారు," అంది కోడలు సిగ్గుపడుతూ.

పెళ్లై ఏడాది నిండలేదు. ఇప్పుడు ఐదో నెల. కేకు మీద గులాబీ పువ్వున్న ముక్కే కావాలని కొట్టువాడితో పేచీ పెట్టి మరీ తెచ్చాడు ఆయన. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకి నవ్వొస్తోంది.

"పువ్వు తిను. మిగతాది ఆయనకే పెట్టు."

బెంచీ మీది గర్భిణులంతా గొల్లుమన్నారు.

"దొరికిపోయావా? ఆవిడ మా చక్కెర పోలీసు," అంది చివర కూర్చున్నామె. "ప్రతి మంగళవారం వచ్చేస్తుంది. ఎవరి సంచిలో ఏముందో వాసన పట్టేస్తుంది."

"పట్టుకున్నా జైల్లో పెట్టట్లేదుగా! నాలుగడుగులు నడవమంటున్నానంతే," అందావిడ.

తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఇందాక నిన్ను దింపి వెళ్లింది మీ ఆయనేనా?"

"అవునండీ."

ఆవిడ గేటు వైపు చాలాసేపు చూసింది.

"ఇంట్లో మీ అత్తగారు నిన్ను మంచం దిగనివ్వదు కదూ? పడుకోబోయే ముందు పెద్ద గ్లాసు పాలు, అందులో తేనె, ఖర్జూరాలు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడుతుంది."

"అరె, చూసినట్టే చెబుతున్నారే!"

"ఇద్దరి తిండి తినమంటుంది. లోపలున్నది పిడికెడు ప్రాణమమ్మా, దానికి ఇంకో మనిషి తిండెందుకు? కూరలు ఎక్కువ, తీపి తక్కువ. తిన్నాక కాసేపు నడువు. వచ్చే నెల షుగర్ పరీక్ష రాస్తారు, మానకు. జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి రావచ్చు. వస్తే నీ తప్పు కాదు. వచ్చిందని తెలియకపోతేనే ప్రమాదం."

ఆ సాయంత్రం కోడలు నవ్వుతూ అత్తగారికి అంతా చెప్పింది.

"షుగర్ పరీక్షకి ఖాళీ కడుపుతో వచ్చి గ్లూకోజు నీళ్లు తాగాలట. గంట గంటకీ రక్తం తీస్తారట."

"కడుపుతో ఉన్న పిల్లని పస్తు పెడతారా? వాళ్ల మొహం! ఎవరే నీకివన్నీ నూరిపోసింది?"

"ఎవరో అత్తయ్యా. పొడుగ్గా ఉంటుంది. కనుబొమ్మ మీద మచ్చ."

పాలు కలుపుతున్న చెంచా ఆగిపోయింది.

"రేపట్నుంచి ఆ ఆసుపత్రికి వద్దు," అంది అత్తగారు.

"అదేంటి?"

"దాని కళ్లు మంచివి కావు. మన వీధి చివర డాక్టరమ్మ ఉందిగా. నాకున్నది ఒక్కగానొక్క కోడలివి, నీ మీద ఎవరి నీడా పడనివ్వను. ముందీ పాలు తాగు."

అంత ప్రేమగా అన్నాక కోడలు ఇంకేమీ అడగలేకపోయింది. పాలు తియ్యగా, వెచ్చగా ఉన్నాయి.

వీధి చివరి డాక్టరమ్మ షుగర్ పరీక్ష సంగతి అడిగినప్పుడు అత్తగారే అందుకుంది.

"అయిపోయిందమ్మా. పెద్దాసుపత్రిలో చేయించాం. ఏమీ లేదన్నారు."

కోడలు తల వంచుకుంది. సూదులు తప్పాయని లోలోపల సంతోషించింది కూడా.

పొట్ట బాగా పెరిగింది. చూసినవాళ్లంతా పిల్లాడు బొద్దుగా పుడతాడన్నారు. దాహం ఆగేది కాదు. రాత్రిళ్లు పదే పదే లేవాల్సి వచ్చేది. కడుపుతో ఉంటే అంతేనంది అత్తగారు. భర్త బుల్లి సాక్సులు కొనుక్కొచ్చి, వేళ్లకి తొడుక్కుని మంచం మీద నడిపించి ఆమెని నవ్వించేవాడు.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున, లోపల కదలిక లేదు.

కాసేపు ఆగి చూద్దామనుకున్నారు. మధ్యాహ్నానికి పెద్దాసుపత్రికి పరుగెత్తారు.

గుండె చప్పుడు కోసం వెతికి వెతికి పెద్ద డాక్టరు చేయి తీసేసింది. రక్తపరీక్ష కాగితం చూసి గట్టిగా అడిగింది.

"షుగర్ ఇంతుంటే ఎవరూ చూడలేదా? నాలుగు నెలల్లో ఒక్కసారైనా?"

కోడలు అత్తగారి వైపు చూసింది.

బిడ్డని తీశారు. నిజంగానే బొద్దుగా ఉన్నాడు.

మర్నాడు మంగళవారం. కబురు బెంచీ దాకా చేరినట్టుంది. వార్డు గుమ్మంలో ఆవిడ వచ్చి నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. కోడలి వైపు, ఆమె కాళ్ల దగ్గర కూర్చున్న అత్తగారి వైపు చూసి, కొంగుతో నోరు నొక్కుకుని వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా, ఆవిణ్ణి పిలవండి," అంది కోడలు లేవబోతూ. "మాట విననందుకు క్షమించమని అడగాలి. పిలవండి!"

అత్తగారు కదల్లేదు. గుమ్మం ఖాళీ అయింది.

"ఆవిడెవరో మీకు తెలుసు కదూ?"

అత్తగారు నేల చూపులు చూస్తూ నోరు విప్పింది.

"నా కూతురే. దాని తొలిచూలు బిడ్డ ఇలాగే పోతే, 'నువ్వే తినిపించి చంపావమ్మా' అందని, ఇంట్లోంచి గెంటేశాను."