ఎండ పడని మడి

“చచ్చిపోయిందండీ,” అన్నాడతను, గొంతులో వీలైనంత దిగులు నింపుకుని.

ఆమె కుండీలోంచి పండుటాకు తుంచుతూ తలెత్తింది. “ఏది?”

“పోయిన ఆదివారం మీరు ఏరి ఇచ్చిన ఫెర్న్.”

“నీళ్ళు ఎక్కువ పోసుంటారు. నీడలో మట్టి ఓ పట్టాన ఆరదు. వేలు గుచ్చి చూసి, తడి తగలకపోతేనే పోయమన్నానా లేదా?”

“అన్నారు. గుచ్చాను. కాస్త గట్టిగా గుచ్చానేమో.”

ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. మట్టి చేతుల్తోనే వరసలన్నీ వెతికి మరో ఫెర్న్ తీసి ఇచ్చింది. “ఇదన్నా బతికించండి.”

అతను దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నర్సరీ గేటు దగ్గరికి నడిచాడు. అక్కడ కుర్చీలో కూర్చున్న పెద్దాయనే యజమాని. డబ్బులు తీసుకుని, పేపర్లోంచి తల ఎత్తకుండానే ఎప్పటిలాగే “మంచిది బాబూ” అన్నాడు.

అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పొద్దస్తమానం జనం కళ్ళలోకి చూడటమే పని. ఆమె కళ్ళలోకి మాత్రం సూటిగా చూడలేక, ఎప్పుడూ ఆకులకేసి చూస్తూ మాట్లాడేవాడు.

ఇదంతా మొదలైంది అక్క వల్ల. పక్కింటివాళ్ళు మేడ మీద మేడ కట్టాక, గోడవార ఉన్న మడిలో ఎండ అన్నది పడటం మానేసింది. ఉన్న గులాబీలు పోయి బురద మిగిలింది. “ఒరేయ్, ఆ చీకట్లో ఏదైనా పెరుగుతుందేమో కనుక్కో,” అని అక్క తరిమితే నర్సరీకి వచ్చాడు. కుండీలు అటూ ఇటూ జరుపుతున్న ఆమెని, “ఏమండీ, ఎండ తగలని చోట ఏం పెరుగుతాయి?” అని అడిగాడు. ఆమె అతనికేసి ఒక్క క్షణం చూసి, చేతులు దులుపుకుని, చెప్పడం మొదలుపెట్టింది.

“చీకటి మూల కదా, ఆకులు లేతరంగువి పెట్టండి. చోటు వెలిగినట్టుంటుంది. ఎత్తుగా పెరిగేవి గోడవైపు, పొట్టివి ముందు. మా ఇంట్లోనూ ఇదే గోల. మా అమ్మకి తెల్ల అంచు ఆకులంటే ప్రాణం.”

“మరి ఇదేమిటండీ?”

“అదా... పేరుతో ఏం పని? వచ్చే ఆదివారం చెప్తాను.”

ఆ ఆదివారం పేరు తెలుసుకోవడానికి వెళ్ళాడు. ఆ తర్వాతి ఆదివారం వెళ్ళడానికి కారణం దొరకలేదు. దాంతో ఒక మొక్కని చంపేశాడు. నోటిమాటతోనే.

అలా అతని నోట్లో పడి బిగోనియాలు చచ్చాయి, కలాడియాలు కుళ్ళాయి, మనీప్లాంటు సైతం ప్రాణం విడిచింది. ఒక్క చామంతి మాత్రం నిజంగా పోయింది. “కాస్త నీడలోనూ బతుకుతుంది లెండి,” అని ఆమే ఇచ్చింది. అది వారానికే వాడిపోతే, ఈసారి అబద్ధం చెప్పక్కర్లేదని అతను తెగ సంబరపడ్డాడు. ఆగలేక మంగళవారమే పరిగెత్తాడు. ఆ రోజు ఆమె లేదు. పాపం సెలవేమో అనుకుని వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

ఈ ఆదివారం కొత్త ఫెర్న్‌తో వచ్చేసరికి, ఇంటి దగ్గర అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“మళ్ళీ ఫెర్నా? ఉన్నవి నిక్షేపంలా ఉన్నాయి కదరా! గోడ కనపడట్లేదు. పిల్లి దూరడానికి సందు లేదు. దీన్ని ఎక్కడ పెడతావ్, నా నెత్తినా?”

“నీడ మొక్కలక్కా... ఎన్ని ఉంటే అంత చల్లదనం.”

“చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకురా? ఎవరావిడ?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “నర్సరీలో పనిచేస్తుంది. వాళ్ళమ్మా తనూ ఉంటారు.”

“అడిగావా?”

“కాదంటే? ఆ తర్వాత మొక్కలకి కూడా వెళ్ళలేను కదక్కా.”

అక్క తమ్ముడి చేతిలోంచి ఫెర్న్ తీసుకుని కిందపెట్టింది. “మడి నిండిపోయింది. ఇంక ఒక్క మొక్క తెచ్చినా ఊరుకోను. ఈసారి మనిషిని తీసుకురా. టీ పెడతాను.”

ఆదివారం వచ్చింది. అతను నోరు తెరవకముందే ఆమె అడిగింది, “ఇవాళ ఏది పోయింది?”

“ఏదీ పోలేదండీ. అసలు ఎప్పుడూ ఏదీ పోలేదు. ఆ చామంతి తప్ప.”

ఆమె తుంచబోతున్న ఆకుని వదిలేసింది. “మరి వారం వారం ఎందుకొచ్చేవారు?”

అతను ఆకుల మీంచి చూపు తిప్పాడు. తర్వాత మొట్టమొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. “అక్క టీ పెడుతోంది. మా మడి చూడటానికి వస్తారా? ఇంకో రోజు మీ అమ్మగారిని కూడా తీసుకురండి.”

ఆమె తల వంచుకుంది. మట్టి అంటిన గోళ్ళు చూసుకుంది. “వస్తాను,” అంది నెమ్మదిగా.

అతనికి ఏనుగెక్కినంత పనైంది. “ఉండండి, పనివేళ కదా, పెద్దాయనకి ఓ మాట చెప్పి వస్తాను.”

“అయ్యో, వద్దు! ఆయనకి చెప్పక్కర్లేదు!” ఆమె కంగారుగా అడ్డం రాబోయింది.

“మీకు మాట రాకూడదండీ,” అంటూ అతను అప్పటికే పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ గేటు దగ్గరికి చేరాడు.

“అయ్యా, మీ దగ్గర పనిచేసే ఆవిడని ఓ గంట పంపిస్తారా? మా మొక్కలు చూపించాలి.”

పెద్దాయన పేపరు మడిచాడు. అతన్ని ఎగాదిగా చూశాడు. తల తిప్పి, ఫెర్న్‌ల వెనక మొహం దాచుకుంటున్న ఆమెని చూశాడు.

“ఆవిడ కూడా మీలాంటి కస్టమరే బాబూ.”