తలుపు దాటితే మొదటికి

టీచర్ల శిక్షణ కాలేజీలో వినోద రెండేళ్లూ పాఠాలు చెప్పింది బొమ్మ పిల్లలకే. కంప్యూటర్ కళ్లద్దాలు పెట్టుకుంటే చాలు, తరగతి నిండా కనిపించేవారు. అల్లరి చేసేవారు, అలిగేవారు, ఏడ్చేవారు కూడా. పాఠం చెడిపోతే తలుపు దాటి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావడమే. జరిగినదంతా మరిచిపోయి, వాళ్లు నవ్వుతూ లేచి నిలబడేవారు. ఇప్పుడు టీచర్లందరూ అలా నేర్చుకుని వస్తున్నవాళ్లే.

కోరుట్ల అవతల ఓ బడిలో, నిజం పిల్లల ముందు ఇవాళ ఆమెకు మొదటి రోజు. మూడో తరగతిలో మైత్రి అనే పిల్ల లెక్కను చిటికెలో చేసేసరికి, "పక్కపిల్లది చూసి రాసినవ్ గదా?" అని వినోద గట్టిగా అనేసింది.

"నేను చూడలె టీచర్," అంటూ మైత్రి బావురుమంది. పక్కపిల్ల ఇంకా లెక్క మొదలే పెట్టలేదు.

వినోద కాళ్లు వాటంతటవే తలుపు దాటాయి. మళ్లీ లోపలికి వచ్చి, "గుడ్ మార్నింగ్ పిల్లలూ!" అంది.

పిల్లలు అయోమయంగా లేచి, "గుడ్ మార్నింగ్ టీచర్," అన్నారు. మైత్రి లేవలేదు. వెక్కుతూనే ఉంది.

"ఏమన్న మర్శిపోయినవా టీచర్?" అని ముందు వరుసలోని అమ్మాయి అడిగింది.

ఇక్కడినుంచి ఏం చేయాలో వినోదకు ఎవరూ నేర్పలేదు. వెళ్లి మైత్రి పక్కన నేలమీద కూర్చుంది. "నువ్వు చూసి రాయలేదు బిడ్డా. నేనే ఉత్తగ అన్న. తప్పు నాదే."

మైత్రి గౌను అంచుతో ముక్కు తుడుచుకుని, ఆమె ముఖంలోకి చూసింది.

"అయితే ఇంకోసారి బయటికి పోయి రా టీచర్," అంది. "ఈసారి నేను గూడ లేస్త."