గోడకేసి తిరిగిన బెంచీ

బాస్కెట్‌బాల్ ఆటలో యూనివర్సిటీ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఆఖరి సెకనులో ఫౌలై, ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర్నించి బుట్టలో వేసే ఫ్రీ త్రోలు రెండు దొరికాయి. అంతలో అవతలి జట్టు టైమవుట్ అడిగింది.

వాటిని వేయాల్సినవాడు, జట్టులోకి ఈ ఏడే వచ్చిన పొడుగోడు, కోచ్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సార్, నేను ఫ్రీ త్రో వేసినప్పుడల్లా బెంచీ మీదున్నవాళ్ళంతా వెనక గోడ మీది పాత జట్ల ఫొటోలకేసి తిరుగుతారు. అంత నమ్మకం లేనివాణ్ణి ఎందుకు ఆడిస్తున్నారు?"

మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. ఆ ఆనవాయితీ ఎందుకని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

"ఆ మూల ఫొటోలో నిలబడ్డవాణ్ణి నేనేరా," అన్నాడు కోచ్. "ఇదే హాల్లో ఫైనల్ ఆఖరి ఫ్రీ త్రో నాదే. పడలేదు. తిరిగొస్తుంటే బెంచీ అంతా నన్నే చూస్తోంది. ఆ చూపులు తట్టుకోలేక మళ్ళీ ఆడలేదు. కోచ్‌నయ్యాక కొత్తవాళ్ళు ఫ్రీ త్రో వేసేటప్పుడు ఎవరూ చూడొద్దని ఈ ఆనవాయితీ పెట్టాను."

విజిల్ మోగింది.

"పడకపోతే మేమెవరమూ చూడలేదనుకో. వచ్చి నా పక్కన కూర్చో."

పొడుగోడు గీత దగ్గరికెళ్ళి వెనక్కి చూశాడు. బెంచీ పొడవునా వీపులే. బంతిని ఒకసారి నేలకేసి కొట్టాడు.

బంతి ఎత్తాడు.